పిల్లలకి పాత క్లాసిక్స్ కొనేటప్పుడు: ఒరిజినలా, మార్చిందా, కుదించిందా?

మా పాపకి తొమ్మిదేళ్ళు, రాత్రి పడుకునే ముందు నేను పైకి చదువుతుంటే తను వింటుంది, అది మా ఇద్దరికీ అలవాటు. మొన్నామధ్య సీక్రెట్ గార్డెన్ మొదలుపెట్టాం, 1911లో వచ్చిన పుస్తకం, ఫ్రాన్సెస్ హాడ్జ్‌సన్ బర్నెట్ రాసింది. అందులో మేరీ అనే పిల్ల ఇండియాలో పుట్టి పెరిగి, అమ్మానాన్నా కలరాతో పోయాక ఇంగ్లండ్‌లో మేనత్త భర్త అయిన మామయ్య ఇంటికి వెళ్తుంది. నాలుగో చాప్టర్లో పనమ్మాయి మార్తా మాటల్లో నువ్వూ నల్లపిల్లవే అనుకున్నాను అంటుంది, దానికి మేరీకి ఒళ్ళు మండిపోయి నన్ను నేటివ్ అనుకుంటావా, వాళ్ళు మనుషులే కాదు, మనకి సలాం కొట్టాల్సిన పనివాళ్ళు అని అరుస్తుంది. నేను చిన్నప్పుడు చదివిన పుస్తకమే, కానీ ఈ ముక్క నాకు అస్సలు గుర్తులేదు, చదువుతూ చదువుతూ నోరు ఆగిపోయింది. పాప దుప్పట్లోంచి తల బయటపెట్టి "అమ్మా, నేటివ్స్ అంటే మనమేనా?" అంది.

అవును మనమే అన్నాను. ఆ తర్వాత ఏం మాట్లాడుకున్నామో చివర్లో చెప్తా. మర్నాడు పొద్దున నేను చేసిన మొదటి పని, తన రెండో క్లాసులో కొన్న ఇదే కథ కుదించిన పుస్తకం అలమరాలోంచి తీసి ఆ సీన్ వెతకడం. లేదు. మార్తా వస్తుంది, పొయ్యి వెలిగిస్తుంది, బయట ఆడుకో అంటుంది, అంతే. నా చిన్నప్పుడు నేను చదివింది కూడా ఇలాంటిదే అయ్యుంటుంది, అందుకే గుర్తులేదు. అప్పటినుంచి ఏ పాత పుస్తకం కొన్నా ఇది ఏ రూపం, ఎవరు మార్చారు, ఏం తీసేశారు అని చూడటం మొదలుపెట్టాను. ఇదే డౌట్ చాలామంది అమ్మానాన్నలకి ఉంది కాబట్టి నేను తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నా.

మొదట ఒక మాట. ఒరిజినల్ కావాలి అని మనం అంటాం గానీ, చాలా పుస్తకాలకి ఒరిజినల్ అనేది ఒకటే ఉండదు. గ్రిమ్ అన్నదమ్ముల కథలు 1812లో మొదలై 1857 వరకు ఏడు ఎడిషన్లు వచ్చాయి, ప్రతిసారీ వాళ్ళే మార్చుకుంటూ పోయారు, స్నో వైట్‌ని చంపించాలని చూసేది మొదటి ఎడిషన్లో సవతి తల్లి కాదు కన్నతల్లే, 1819లో సవతి తల్లిని చేశారు. లిటిల్ విమెన్ మొదట 1868, 69లో రెండు భాగాలుగా వచ్చింది, 1880 ఎడిషన్లో భాషని నాజూకు చేసి యాసనీ స్లాంగ్‌నీ తగ్గించారు, తర్వాత చాలాకాలం జనం చదివింది ఎక్కువగా ఆ రెండోదే. హాబిట్ అయితే 1937లో ఒక కథ, 1951లో ఇంకో కథ అన్నట్టే, బిల్బో గుహలో గాలమ్‌ని కలిసే చాప్టర్‌ని టోల్కీన్ మళ్ళీ రాశాడు, ఎందుకంటే తర్వాత రాస్తున్న పెద్ద కథకి గాలమ్ దగ్గరున్న ఉంగరం ప్రమాదకరమైనదిగా ఉండాలి, పాత దాంట్లో గాలమ్ ఆ ఉంగరాన్ని పందెంలో ఇవ్వడానికి సిద్ధపడ్డాడు మరి. కాబట్టి పాతదా కొత్తదా అని అడిగితే తేలదు. మార్చింది ఎవరు, అది ముందు అడగాలి.

రచయితే బతికుండగా మార్చి ఉంటే నేనైతే రెండో ఆలోచన లేకుండా మార్చిన దాన్నే కొంటాను. చార్లీ అండ్ ది చాక్లెట్ ఫ్యాక్టరీ 1964లో వచ్చినప్పుడు ఊంపా లూంపాలు ఆఫ్రికా అడవుల్లోంచి తెచ్చిన పిగ్మీలు, జీతంగా కోకో గింజలు, అది బానిసత్వంలాగే ఉంది అని జనం గట్టిగా అడిగితే రోల్డ్ డాల్ 1970ల మొదట్లో తనే మార్చాడు, ఇప్పుడు అందరూ చదివేది అదే. డాక్టర్ స్యూస్ తన మొదటి పుస్తకంలో చైనా మనిషిని పసుపు రంగు మొహంతో, జడతో గీశాడు, 1978లో ఆ రంగూ జడా తీసేసి మాట కూడా మార్చాడు. మేరీ పాపిన్స్‌లో బ్యాడ్ ట్యూస్‌డే అనే చాప్టర్లో దిక్సూచి పట్టుకుని ప్రపంచం నాలుగు దిక్కులూ చుట్టొస్తారు, మొదట దిక్కుకో జాతి మనుషులు కనపడేవాళ్ళు, చాలా చీప్‌గా చూపించినవి, రచయిత్రి ట్రావర్స్ 1967లో కొంత మార్చి, అది చాలక 1981లో మనుషుల బదులు ధ్రువపు ఎలుగూ మకావ్ చిలకా పాండా డాల్ఫినూ పెట్టింది. ఇక లిటిల్ హౌస్ ఆన్ ది ప్రెయిరీలో అయితే ఒకటే మాట. ఆ ప్రాంతంలో మనుషులే లేరు, ఇండియన్లు మాత్రమే ఉన్నారు అని ఉండేది, అక్కడి ఆదివాసుల గురించి. 1952లో ఒకరు ఇది తప్పు కదా అని ఉత్తరం రాస్తే రచయిత్రి వైల్డర్ ఒప్పుకుంది, 1953 ఎడిషన్ నుంచి మనుషులు అన్న చోట సెటిలర్లు అని వచ్చింది. ఒక్క మాటే, కానీ ఆ వాక్యం చదివే ఆదివాసీ పిల్లకి అదెంత పెద్ద మాటో, మొన్న రాత్రి మా పాప మొహం చూశాక నాకు అర్థమైంది. ఇలాంటి వాటికి పాత ప్రతి వెతుక్కోవాల్సింది రీసెర్చ్ చేసేవాళ్ళు, పిల్లలకి అవసరం లేదు.

రచయిత పోయాక మార్చినవి వచ్చేసరికి ఆలోచించాలి. ఇందులో కూడా అన్నీ ఒక గాటన కట్టలేం.

డాల్ 1990లో పోయాడు. 2023 ఫిబ్రవరిలో బయటపడింది ఏంటంటే, ఆయన పబ్లిషర్ పఫిన్ కొత్త ప్రింట్లలో ఆయన పుస్తకాల్లో వందల చోట్ల మాటలు మార్చేశారు అని. లావు అన్న మాట తీసేశారు, ఆడవాళ్ళ ఉద్యోగాలు మార్చారు, ది విచెస్‌లో సూపర్‌మార్కెట్ క్యాషియర్ అన్న చోట పెద్ద సైంటిస్ట్ అని పెట్టారు, మంత్రగత్తెలు విగ్గు పెట్టుకుంటారు అన్న చోట విగ్గు పెట్టుకోవడానికి వేరే కారణాలు కూడా ఉంటాయి, అందులో తప్పేం లేదు అని ఆయన రాయని వాక్యం ఒకటి చేర్చారు. నాకు బాగా గుచ్చుకున్నది మటిల్డాలో. ఆ పిల్ల లైబ్రరీ పుస్తకాల్లో కూర్చుని ఎక్కడెక్కడికి వెళ్ళిందో చెప్పే పేరా ఒకటుంది, చాలా అందమైన పేరా. పాత దాంట్లో జోసెఫ్ కాన్రాడ్‌తో తెరచాప ఓడలెక్కుతుంది, హెమింగ్వేతో ఆఫ్రికా వెళ్తుంది, కిప్లింగ్‌తో ఇండియా వెళ్తుంది. మార్చిన దాంట్లో జేన్ ఆస్టెన్‌తో పందొమ్మిదో శతాబ్దపు ఎస్టేట్లకి వెళ్తుంది, ఆఫ్రికా ఉంది, ఇండియా పోయి స్టైన్‌బెక్‌తో కాలిఫోర్నియా వచ్చింది. కిప్లింగ్ రాతల మీద నాకూ కోపాలున్నాయి, ఆయన సామ్రాజ్యవాది, నిజమే. కానీ ఎవరి మనసు నొప్పించకూడదని కిప్లింగ్‌ని తీసేశారో ఆ మనమే ఆ పేరాలోంచి మాయమైపోయాం, ఇది ఎవరికీ తట్టలేదా అనిపించింది. గొడవ పెద్దదయ్యాక వారంలోనే పఫిన్ పాత పాఠంతో కూడా 17 పుస్తకాలు క్లాసిక్ కలెక్షన్ పేరుతో వేస్తామని చెప్పింది. కాబట్టి డాల్ విషయంలో రెండు రూపాలు ఉన్నాయి, నా ఓటు క్లాసిక్ కలెక్షన్‌కే. డాల్ కథల్లో ఆ కరుకుదనమే ప్రాణం, దుర్మార్గుల్ని పిల్లలు కసిగా అసహ్యించుకోవాలి అని రాశాడు, దాన్ని సాఫీ చేస్తే చప్పబడిపోతుంది. మీ పిల్లల్ని స్కూల్లో ఎవరైనా లావు అని ఏడిపిస్తుంటే మాత్రం కొత్తది కొనండి, అందులో తప్పు పట్టేదేం లేదు, ఆ పిల్లకి ఇప్పుడు కావాల్సింది సాహిత్య చరిత్ర కాదు.

ఎనిడ్ బ్లైటన్ సంగతి వేరు. ఫేమస్ ఫైవ్ 21 పుస్తకాల్ని 2010లో పబ్లిషర్ హాడర్ వాళ్ళు ఈ కాలం పిల్లలకి అర్థం కావాలని భాష మార్చడం మొదలుపెట్టారు, మదర్ ఫాదర్ అన్నవి మమ్ డాడ్ అయ్యాయి, పాతకాలం ఊతపదాలు పోయాయి. అది పనిచేయలేదు అని వాళ్ళే ఒప్పుకుని 2016లో పాత పాఠానికి వెనక్కి వెళ్ళారు. అది నాకు ఆశ్చర్యం అనిపించలేదు, ఎందుకంటే పిల్లలకి తెలియని మాట అడ్డం కాదు, కథ నడుస్తుంటే మాట దానంతటదే తెలిసిపోతుంది, మనం అలా చదివే కదా ఇంగ్లీష్ నేర్చుకున్నాం, స్కోన్ అంటే ఏంటో జింజర్ బీర్ అంటే ఏంటో తెలియకుండానే. కాబట్టి భాష పాతబడింది అని మాత్రమే మార్చిన ఎడిషన్ మీద డబ్బు పెట్టొద్దు అంటాను నేను. ఆవిడదే ఇంకో పుస్తకం ఫారవే ట్రీలో ఫ్యానీని ఫ్రానీ అని, డిక్‌ని రిక్ అని మార్చారు, ఇంగ్లీష్‌లో ఆ పేర్లకి బూతు అర్థాలు ఉన్నాయి కాబట్టి. పిల్లల్ని కొట్టే డేమ్ స్లాప్ కూడా డేమ్ స్నాప్ అయింది, కొట్టడం పోయి అరవడం వచ్చింది. పేర్లు మారితే కథకి పెద్ద నష్టం లేదు, కొట్టే టీచరు మాయమవడం మీద మీ ఇంట్లో మీరే తేల్చుకోవాలి.

కానీ అదే బ్లైటన్ రాసిన, నాడీ అనే బొమ్మ కుర్రాడి కథల్లో గాలీవాగ్ అనే బొమ్మలుండేవి, నల్లవాళ్ళని వెక్కిరిస్తూ చేసిన బొమ్మలు, వాటి బదులు తర్వాత గాబ్లిన్లని పెట్టారు. అది చేయాల్సిన పనే. డాక్టర్ డూలిటిల్ 1920 పుస్తకంలో ఆఫ్రికా రాకుమారుడు బంపో తన మొహం తెల్లగా చేయమని డాక్టర్‌ని బతిమాలతాడు, అది కథలో హాస్యం కోసం పెట్టిన సీను. అది రాసిన లాఫ్టింగ్ 1947లో పోయాడు, 1980లలో ఆయన కొడుకు ఒప్పుకుని అలాంటివి తీసేసిన ఎడిషన్ తెచ్చారు. పిప్పి లాంగ్‌స్టాకింగ్ వాళ్ళ నాన్నని నీగ్రో రాజు అనేవాళ్ళు, ఇప్పుడు దక్షిణ సముద్రాల రాజు. పిప్పి అల్లరి వీసమెత్తు తగ్గలేదు. నేను పెట్టుకున్న కొలత ఇదే, ఆ ముక్క తీస్తే కథలో ఎవరి మనసు ఎందుకు మారిందో అర్థం కాకుండా పోతుందా, లేక అది ఉత్త అలంకారానికి పెట్టిన అవమానమా? అలంకారమైతే తీసేసిందే కొనండి, ముఖ్యంగా అయిదారేళ్ళ పిల్లలకి, బొమ్మల పుస్తకాలకి. ఆ వయసులో బొమ్మ ఏం చూపిస్తే అదే నిజం అనుకుంటారు.

ఇప్పుడు అందరూ తేలిగ్గా తీసుకునేది, నాకు మాత్రం అన్నిటికంటే ఎక్కువ బాధ అనిపించేది, కుదించిన పుస్తకాలు. మాట మారిస్తే పేపర్లలో గొడవ అవుతుంది, సగం పుస్తకం కోసేస్తే ఎవరూ అడగరు. పినోకియో అసలు పుస్తకం 36 చాప్టర్లు, నాలుగో చాప్టర్లోనే ఆ కొయ్యబొమ్మ తనకి బుద్ధి చెప్పే చిమ్మెటని సుత్తి విసిరి చంపేస్తాడు, అంత పొగరుబోతు వాడు మనిషి అవడం కథ. కుదించిన వాటిలో ఆ చిమ్మెట హాయిగా ఫ్రెండ్ అయిపోయి తిరుగుతుంటుంది. నేనే ఒకసారి ఆన్‌లైన్లో కంప్లీట్ అని రాసి ఉంది చూసి ఒక పుస్తకం తెప్పించాను, గట్టి అట్ట, పైన బంగారు అక్షరాలు, చూడ్డానికి బీరువాలో పెట్టుకునేలా ఉంది, తెరిస్తే అక్షరాలు ఇంతింత పెద్దవి, ప్రతి చాప్టరూ మూడు పేజీల్లో అయిపోతోంది, ఎవరు కుదించారో పేరు కూడా లేదు. వెనక్కి పంపే గడువు అప్పటికే అయిపోయింది, ఎందుకంటే అది పుట్టినరోజు కోసం ముందే కొని దాచింది.

అప్పటినుంచి చాప్టర్లు లెక్కపెట్టడం అలవాటైంది, ఇది అందరికీ చెప్తుంటాను. అసలు పుస్తకంలో ఎన్ని చాప్టర్లో ముందే తెలుసుకుని విషయసూచికతో పోల్చి చూడండి. సీక్రెట్ గార్డెన్ 27, ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్ 12, లిటిల్ విమెన్ రెండు భాగాలూ కలిపి 47. తక్కువ ఉంటే కోసేశారు, సమానంగా ఉంటే ఏదో ఒక చాప్టర్ మొదటి పేరా, చివరి పేరా కాపీరైట్ అయిపోయిన పాఠంతో పోల్చండి, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఇవన్నీ ఫ్రీగా ఉన్నాయి, రెండు నిమిషాల పని. అన్‌అబ్రిడ్జ్‌డ్, అంటే కుదించనిది, అన్న మాట అట్ట మీద కాదు, టైటిల్ పేజీ వెనక చూడండి. అక్కడే రివైజ్డ్ అనో, టెక్స్ట్ అప్‌డేటెడ్ అనో కూడా ఉంటుంది, నిజాయితీ ఉన్న పబ్లిషర్ అయితే. ఐఎస్‌బీఎన్ నంబర్ ఒకటే కదా అని నమ్మొద్దు, రీప్రింట్లలో నంబర్ అదే ఉండి లోపల మాటలు మారొచ్చు. దానికి మార్గం ఒక పరీక్ష పేజీ పెట్టుకోవడం, మటిల్డా అయితే ఆ లైబ్రరీ పేరాలో కిప్లింగ్ ఉన్నాడా స్టైన్‌బెక్ ఉన్నాడా, ఫారవే ట్రీ అయితే ఫ్యానీయా ఫ్రానీయా, మేరీ పాపిన్స్ అయితే దిక్సూచి తిప్పితే మనుషులొస్తారా జంతువులొస్తారా. షాపులో నిలబడి చూసేయొచ్చు.

కుదించినవి అసలొద్దు అనను. ఆరేడేళ్ళ పిల్లకి రుచి చూపించడానికి పనికొస్తాయి, ఇంగ్లీష్ ఇప్పుడిప్పుడే కూడబలుక్కుంటున్న పిల్లలకి కూడా. కానీ అది చదివేశాక మా వాడు ఆ క్లాసిక్ చదివేశాడు అని అనుకోవద్దు, పిల్లల్ని అనుకోనివ్వొద్దు, లేకపోతే పదేళ్ళప్పుడు అసలు పుస్తకం ఇస్తే నాకు కథ తెలుసు అని పక్కన పెట్టేస్తారు. మా ఇంట్లో అదే జరగబోయింది.

ప్రింట్ ఆగిపోయిన వాటి సంగతి. 2021 మార్చి 2న డాక్టర్ స్యూస్ హక్కులు చూసే సంస్థ ఆరు పుస్తకాల్ని ఇక అచ్చు వేయం అని ప్రకటించింది, పైన చెప్పానే జడ తీసేసిన పుస్తకం, 1937 నాటిది, అదీ అందులో ఉంది, అంటే రచయిత చేసిన దిద్దుబాటు కూడా చాల్లేదన్నమాట. ఆ వార్త రాగానే సెకండ్ హ్యాండ్ రేట్లు ఆకాశానికి ఎగిరాయి. ఇలాంటప్పుడు తొందరపడి కొనకండి. పిల్ల చదవడానికి కావాల్సింది ఒక మంచి పుస్తకం, అరుదైన పుస్తకం కాదు, ఆయనవే ఇంకా బోలెడు ప్రింట్‌లో ఉన్నాయి. మీకే మీ చిన్నప్పటి పుస్తకం అని ప్రాణం కొట్టుకుంటుంటే లైబ్రరీలో అడగండి, స్కాన్ ఉందేమో చూడండి, అప్పటికీ తీరకపోతే కొనుక్కోండి, అది మీ కోసం కొన్నట్టు, పిల్లల పేరు చెప్పక్కర్లేదు. నాన్సీ డ్రూ అనే డిటెక్టివ్ అమ్మాయి కథల లాంటి వాటికి మంచి దారి ఉంది, 1959 నుంచి పాత పుస్తకాల్ని తిరగరాసి 25 చాప్టర్లని 20కి తెచ్చారు, జాతివివక్ష మాటలతో పాటు నాన్సీ దూకుడు కూడా తగ్గించేశారు, అయితే 1990లలో యాపిల్‌వుడ్ అనే పబ్లిషర్ 1930ల నాటి పాఠాన్ని అప్పటి అచ్చు ఎలా ఉందో అలాగే మళ్ళీ వేశారు. ఇలా పాత పాఠం మళ్ళీ వేసిన రీప్రింట్ దొరికితే పాడైపోయిన పాత కాపీ కంటే అదే మేలు, పాత కాగితం పెళుసెక్కి పేజీ తిప్పితే ముక్కలు రాలుతుంది, బూజు వాసన కొందరు పిల్లలకి పడదు.

కాపీరైట్ అయిపోయిన వాటిని ఎవరు పడితే వాళ్ళు ప్రింట్ ఆన్ డిమాండ్‌లో, అంటే ఆర్డర్ వచ్చాకే అచ్చు వేసి, అమ్ముతున్నారు, అందులో బొమ్మలు ఉన్నాయా అన్నది ఒక్కటి చూడండి చాలు. టెన్నియల్ గీసిన 42 బొమ్మలు లేని ఆలిస్ సగం ఆలిసే.

ఈబుక్ గురించి ఒక్క మాట. డాల్ గొడవప్పుడు ముందే పాత ఈబుక్ కొనుక్కున్నవాళ్ళ డివైస్‌లలో కూడా పాఠం దానంతటదే కొత్తదానికి మారిపోయిందని వార్తలొచ్చాయి. మీకు ఒక నిర్దిష్టమైన పాఠమే కావాలంటే కాగితం మీద కొనండి, ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేసుకోండి.

ఇక ఎవరికి ఏది అంటే, పిల్ల ఒక్కతే గదిలో కూర్చుని చదువుకునే పుస్తకమైతే, పదేళ్ళ లోపైతే, జాగ్రత్తగా మార్చిన ఎడిషన్ ఇవ్వండి, ప్రశ్న వచ్చినప్పుడు పక్కన ఎవరూ ఉండరు కాబట్టి. మీరు పక్కన కూర్చుని చదివేదైతే ఒరిజినలే తీసుకోండి, కానీ ముందు రోజు ఆ చాప్టర్ మీరొకసారి చదువుకోండి, నాలాగ మధ్యలో నోరు ఆగిపోకుండా. పన్నెండు దాటితే ఒరిజినల్ ఇచ్చి, వీలైతే మార్చింది కూడా పక్కన పెట్టండి, ఏం మార్చారో ఎందుకు మార్చారో వాళ్ళే పట్టుకుంటారు, ఆ వయసు పిల్లలకి పెద్దవాళ్ళ దాపరికం పట్టుకోవడం అంటే భలే ఇష్టం.

ఆ రాత్రి సంగతి. మనమే అని చెప్పాక పాప కాసేపు మాట్లాడలేదు, తర్వాత మేరీ చెడ్డదా అని అడిగింది. నేను జవాబు చెప్పకుండా తర్వాత పేరా చదివాను. అంతలేసి మాటలన్న మేరీ మంచం మీద బోర్లా పడిపోయి వెక్కి వెక్కి ఏడుస్తుంది, తనకి తెలిసినవాళ్ళు, తెలిసిన చోటు అన్నీ ఎక్కడో దూరంగా ఉండిపోయాయని, మార్తా భయపడిపోయి ఏడవొద్దని బతిమాలుతుంది. కుదించిన పుస్తకంలో ఆ తిట్టు తీసేసినప్పుడు ఈ ఏడుపు కూడా పోయింది, అందుకే అందులో మేరీ మొదటి పేజీ నుంచే ఒక మామూలు పిల్ల, చివరికి ఎందుకు మారిందో, అసలు మారిందో లేదో కూడా తెలియదు. అలాగని పుస్తకం మన పక్షం మాట్లాడిందని చెప్పలేను, మనల్ని తిట్టినందుకు మేరీ ఎక్కడా సారీ చెప్పదు, అది కూడా పాపతో చెప్పాను. వాళ్ళ ఆయా గురించి పుస్తకం ఏం చెప్పింది అని అడిగింది. మొదటి చాప్టర్లోనే కలరాతో చనిపోయింది, సైడీ అన్న పేరు ఎక్కడో ఒకచోట వస్తుంది, మిగతా అంతా ఉత్త ఆయానే అన్నాను. పొద్దున చూస్తే మా కాపీలో ఆ పేజీ పక్కన పెన్సిల్‌తో ఆయాకి ఇంకో పేరు రాసి ఉంది, మా అమ్మ పేరు.